ఆర్ట్ క్రిటిక్, ప్రొఫెసర్, క్యూరేటర్: ఓరుగల్లు వైపు నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలు

వరంగల్, కరీంనగర్, సిద్దిపేట, ఆదిలాబాద్ వైపు నుంచి ఫైన్ ఆర్ట్స్ చదవాలనుకునే పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు, అప్పుడప్పుడు చిత్రకారులు కూడా నన్ను అడిగే ప్రశ్నలు ఇవి. నేను హన్మకొండలో ఉంటాను. కళాచరిత్ర పాఠాలు చెప్తాను, సమీక్షలు రాస్తాను, ప్రదర్శనలు ఏర్పాటు చేస్తాను. కొన్ని ప్రశ్నలకు రెండు ముక్కల్లో జవాబు చెప్పొచ్చు, కొన్నింటికి కుదరదు.

ఈ మూడు పనులకూ తేడా ఏంటి? ఒక్కరే మూడూ చేయడం కుదురుతుందా?

క్రిటిక్ బొమ్మ ముందు నిలబడి తను చూసింది రాస్తాడు. ప్రొఫెసర్ పదిమంది పిల్లలకు చూడటం నేర్పుతాడు. ఏ బొమ్మ పక్కన ఏ బొమ్మ ఉండాలి, ఏ వెలుగులో ఉండాలి, కింద ఏం రాయాలి అన్నది క్యూరేటర్ చూసుకుంటాడు. మూడింటికీ మూలం ఒకటే. ఒక పనిని ఎవరు చేశారు, దేనితో చేశారు, ఎందుకు అలా చేశారు అని ఓపిగ్గా తెలుసుకుని, తెలియనివాళ్ళకు చెప్పడం.

మూడూ కలిపి చేసినవాళ్ళు ఉన్నారు. స్టెల్లా క్రామ్రిష్ కలకత్తా విశ్వవిద్యాలయంలో భారతీయ కళ గురించి పాఠాలు చెప్పారు, ఆలయాల మీద పెద్ద పుస్తకాలు రాశారు, తర్వాత అమెరికాలో ఫిలడెల్ఫియా మ్యూజియంలో క్యూరేటర్‌గా పనిచేశారు. మన పల్లెల కళ, గిరిజనుల కళతో 1968లో అక్కడ ఆమె పెట్టిన ప్రదర్శన గురించి ఈ రంగంలోకి వచ్చే ప్రతివాళ్ళూ చదవాలి. ఆనంద కుమారస్వామి 1917 నుంచి 1947లో కన్నుమూసేదాకా బోస్టన్ మ్యూజియంలో ఉంటూనే రాశారు. మన కాలానికి దగ్గరగా చూస్తే జె. స్వామినాథన్. ఆయన చిత్రకారుడు, విమర్శకుడు. 1982లో భోపాల్‌లో భారత్ భవన్ మొదలైనప్పుడు అక్కడి మ్యూజియం బాధ్యత తీసుకుని, విద్యార్థులను పల్లెలకు, గూడేలకు పంపించారు. పాటన్‌గఢ్ అనే గోండు ఊరిలో ఇంటి గోడల మీద బొమ్మలు వేస్తున్న జన్‌గఢ్ సింగ్ శ్యామ్ అనే కుర్రవాడు అలాగే బయటి ప్రపంచానికి తెలిశాడు. ఆదిలాబాద్ వైపు పనిచేయాలనుకునేవాళ్ళు ఈ కథను వివరంగా తెలుసుకోవాలి. అందులో గొప్పగా జరిగినవీ ఉన్నాయి, మనసు బాధపెట్టేవీ ఉన్నాయి.

మన దగ్గర విమర్శ రాయడంతోనే ఇల్లు గడపడం కష్టం. అందుకే ఎక్కువమంది పాఠాలు చెప్తూ మిగతా రెండూ చేస్తుంటారు.

నాకు బొమ్మలు వేయడం రాదు. ఈ దారిలోకి రావచ్చా?

రావచ్చు. కానీ చేతితో కొంత పని తెలియాలి. ముద్రణ బొమ్మలకు వాడే ఎచ్చింగ్ ప్లేటు మీద యాసిడ్ ఎలా పనిచేస్తుందో, నూనె రంగు ఎన్నాళ్ళకు ఆరుతుందో, మైనం కరిగిపోయి కంచు ఎలా నిలుస్తుందో దగ్గరుండి చూడకుండా రాస్తే ఆ సంగతి చిత్రకారులకు ఇట్టే తెలిసిపోతుంది. రోజూ స్కెచ్‌బుక్‌లో నాలుగు గీతలు గీయండి. గీస్తూ చూస్తే, గీయకపోతే కనబడనివి కనబడతాయి.

ఏం చదవాలి?

రెండు దారులు. మొదటిది, ఇంటర్ తర్వాత నాలుగేళ్ళ బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ). హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ)లో సీటుకు ప్రవేశ పరీక్ష ఉంటుంది. అందులో డ్రాయింగ్ చూస్తారు కాబట్టి ముందు నుంచే చేయి అలవాటు కావాలి. ఆ తర్వాత రెండేళ్ళ ఎంఎఫ్‌ఏలో కళాచరిత్ర తీసుకోవచ్చు. రెండో దారి, చరిత్ర, తెలుగు, ఇంగ్లిష్, సోషియాలజీ వంటి వాటిలో డిగ్రీ చేసి పీజీలో కళాచరిత్ర వైపు తిరగడం. కాకతీయ యూనివర్సిటీ పరిధిలో మామూలు డిగ్రీ చదివినవాళ్ళకు ఈ రెండోదే దగ్గర దారి. అయితే ప్రతి యూనివర్సిటీ అర్హతల్లో తేడాలుంటాయి, నోటిఫికేషన్ పూర్తిగా చదవండి.

కళాచరిత్ర చెప్పే చోట్లలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోని సరోజినీ నాయుడు స్కూల్, బరోడాలోని ఎంఎస్ యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ ఫ్యాకల్టీ, శాంతినికేతన్ కళాభవన్, ఢిల్లీలో జేఎన్‌యూ ముఖ్యమైనవి. బరోడాకు మన ప్రాంతంతో పాత బంధం ఉంది. కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టిన చిత్రకారుడు తోట వైకుంఠం అక్కడే కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర చదువుకున్నారు. సుబ్రహ్మణ్యన్ కూడా చిత్రకారుడే, గురువే, కళ గురించి చక్కగా రాసినవారే.

మ్యూజియం పని మీద ఇష్టం ఉంటే మ్యూజియాలజీ (మ్యూజియం నిర్వహణ), కన్జర్వేషన్ (పాత వస్తువులు పాడవకుండా కాపాడటం) కోర్సులు వేరుగా ఉన్నాయి. వస్తువును తాకడం, కాపాడటం మీకు ఆనందమైతే అటు పోండి. రాయడం ఆనందమైతే కళాచరిత్ర.

ప్రొఫెసర్ కావాలంటే?

పీజీలో 55 శాతం మార్కులు, దానితో పాటు నెట్ (అధ్యాపకుల అర్హత పరీక్ష) లేదా పీహెచ్‌డీ. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, దివ్యాంగులకు మార్కుల్లో 5 శాతం సడలింపు ఉంది. యూజీసీ నెట్‌లో విజువల్ ఆర్ట్ సబ్జెక్టు కోడ్ 79, కళాచరిత్ర దానిలోనే వస్తుంది. మ్యూజియాలజీ, కన్జర్వేషన్‌కు కోడ్ 66. పరీక్షలో మొత్తం 150 ప్రశ్నలు, 300 మార్కులు. ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. తెలుగు మీడియంలో చదివినవాళ్ళు దీనికి టెన్షన్ పడతారు. పడాల్సిన పని లేదు, సబ్జెక్టు పదాలు మొదటి నుంచీ రెండు భాషల్లో రాసుకుంటూ పోతే ఆ భయం ఏడాదిలో పోతుంది.

చాలామందికి తెలియని ఇంకో దారి కూడా యూజీసీ నిబంధనల్లో ఉంది. దృశ్యకళల్లో పేరు తెచ్చుకున్న సంప్రదాయ కళాకారులకు డిగ్రీ ఉంటే, పేరున్న గురువు దగ్గర నేర్చుకుని ఉంటే, అధ్యాపక పోస్టుకు విడిగా అర్హత చూస్తారు. కథల పటాలు వేసే చేర్యాల నకాశీ ఇళ్ళలో, పెంబర్తి ఇత్తడి పనివాళ్ళ ఇళ్ళలో డిగ్రీ చదువుతున్న పిల్లలకు ఈ మాట తప్పక చెప్పండి. చేతిలో ఉన్న విద్యతో క్లాసురూమ్‌లోకి వెళ్ళే అవకాశం వాళ్ళకు ఉంది.

జీతం ఎంత? ఇంట్లో ఒప్పుకోవడం లేదు.

యూజీసీ ఏడో వేతన స్కేలులో అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం 57,700తో మొదలవుతుంది, దాని మీద డీఏ, ఇంటి అద్దె కలుస్తాయి. నెట్‌లో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీ చేస్తూ మొదటి రెండేళ్ళు నెలకు 37,000, ఆ తర్వాత 42,000. కేంద్ర సాంస్కృతిక శాఖ జూనియర్ ఫెలోషిప్ నెలకు 10,000, సీనియర్‌ది 20,000, రెండేళ్ళపాటు.

అయితే ఇంట్లో ఇంకో నిజం కూడా చెప్పాలి. రెగ్యులర్ పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఆలస్యమవుతాయి. గెస్ట్ ఫ్యాకల్టీగా, కాంట్రాక్టు మీద ఏళ్ళకేళ్ళు పనిచేస్తున్నవాళ్ళు మన చుట్టూ ఉన్నారు. సమీక్షకు పత్రికలు ఇచ్చేది చాలా తక్కువ, కొన్ని అసలు ఇవ్వవు. ప్రైవేటు గ్యాలరీల్లో ఉద్యోగాలు ఎక్కువగా హైదరాబాద్, ముంబై, ఢిల్లీల్లోనే. అందుకే ఈ రంగంలోకి వచ్చేవాళ్ళు తోడుగా ఇంకో పని ఒకటి నేర్చుకుని ఉండాలని నేను గట్టిగా చెప్తాను. కళాకృతుల ఫొటోలు తీయడం, పుస్తకాల లేఅవుట్, అనువాదం, ఆర్కైవ్ పని, స్కూళ్ళలో ఆర్ట్ వర్క్‌షాపులు, వీటిలో ఏదైనా సరే. ఇవన్నీ ఈ పనిలోనే పనికొచ్చేవి, ఖాళీ నెలల్లో ఆదుకునేవి.

మీ నాన్న సింగరేణిలోనో ఆర్టీసీలోనో పనిచేస్తూ మిమ్మల్ని చదివిస్తుంటే, ఆయన భయం న్యాయమైనదే. ఆయనతో గొడవపడే ముందు పైన చెప్పిన లెక్కలు కాగితం మీద పెట్టి కూర్చోబెట్టి మాట్లాడండి.

వరంగల్‌లో గ్యాలరీలే లేవు కదా, ఇక్కడ ఉండి చూడటం ఎలా నేర్చుకోవాలి?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పడమంటే నాకు చాలా ఇష్టం.

వేయిస్తంభాల గుడి నుంచి మొదలుపెట్టండి. 1163లో రుద్రదేవుడు కట్టించాడు. శివుడు, విష్ణువు, సూర్యుడు, ముగ్గురికీ గర్భగుడులు. అక్కడి కల్యాణమండపాన్ని బాగుచేయడానికి 2006లో విప్పదీశారు, మళ్ళీ నిలబెట్టి తెరిచేసరికి 2024 మార్చి వచ్చింది. ఒక కట్టడాన్ని రాయి రాయిగా విప్పి మళ్ళీ కూర్చడం ఎంత పనో ఈ పద్దెనిమిదేళ్ళే చెప్తాయి. అక్కడికి వెళ్ళినప్పుడు పాత రాయి ఏది, కొత్తగా చెక్కి పెట్టింది ఏది అని వెతకండి. కన్జర్వేషన్ గురించి మొదటి పాఠం టికెట్ లేకుండా దొరుకుతుంది.

ఖిలా వరంగల్‌లో తోరణాలను ఫొటో కోసం చూసి వచ్చేస్తారు. తోరణాల మధ్య నేల మీద పేర్చి ఉన్న ముక్కల దగ్గర ఎవరూ ఆగరు. నేను విద్యార్థులను అక్కడే ఎక్కువసేపు కూర్చోబెడతాను. విరిగిన దూలం మీద హంసల వరస ఒకటి తీసుకుని, ఒక హంసకూ ఇంకో హంసకూ తేడా ఎక్కడుందో రాయమంటాను. మొదటి పది నిమిషాలు అన్నీ ఒకటే అంటారు. ఆ తర్వాత మెడ వంపులో, తోక తీగల్లో తేడాలు బయటపడతాయి. ఒకటి తొందరగా చెక్కిన చేయి, ఇంకొకటి తీరిగ్గా చెక్కిన చేయి అని వాళ్ళే చెప్పడం మొదలుపెడతారు.

ఇక రామప్ప. పాలంపేటలో 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో జాబితాలో చేరింది. గోడలు ఎర్రటి ఇసుకరాయి. మదనికలు అనే స్త్రీ శిల్పాలు, లోపలి స్తంభాలు గట్టి నల్లరాయి. ఎందుకు రెండు రకాలు? మీరు చేతనైతే పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడండి. ఇసుకరాయి ఎండను పీల్చుకుని మెత్తగా కనబడుతుంది, నల్లరాయి నున్నగా మెరుస్తూ ప్రతి అంచునూ చూపిస్తుంది. చూరు కింద బయటికి వంగి నిలబడ్డ మదనికల నడుము మెలిక అంత పదునుగా ఉండటానికి ఆ రాయి గట్టిదనమే కారణం, మెత్తటి రాయిలో ఆ సన్నని హారాలు ఇన్నేళ్ళు నిలిచేవి కావు. ఇలా పదార్థం నుంచి రూపానికి వెళ్ళడం నేర్చుకున్నవాడు రేపు ముంబై గ్యాలరీలో ఫైబర్‌గ్లాస్ బొమ్మ ముందు నిలబడినా తడబడడు.

ఆ తర్వాత చేర్యాల పటాలు, పెంబర్తి ఇత్తడి రేకు పని, కరీంనగర్ వెండి ఫిలిగ్రీ (వెండి తీగల అల్లిక), నిర్మల్‌లో పొనికి చెక్క బొమ్మలు, ఆసిఫాబాద్ వైపు ఓజా పనివాళ్ళ డోక్రా (మైనపు అచ్చుతో పోసే లోహపు బొమ్మలు). వీటిని షాపులో చూడటం వేరు, చేసేచోట చూడటం వేరు. ముందే ఫోన్ చేసి, వాళ్ళ పనికి అడ్డం కాకుండా, ఏదో ఒకటి కొనేంత డబ్బు జేబులో పెట్టుకుని వెళ్ళండి.

మన ప్రాంతం నుంచి పేరున్న చిత్రకారులు ఎవరు?

కరీంనగర్ జిల్లా అన్నారంలో 1915లో పుట్టిన పాకాల తిరుమల రెడ్డి, పి.టి. రెడ్డి అంటే దేశమంతా తెలుసు. బొంబాయి జేజే స్కూల్లో చదివి, 1940ల మొదట్లో అక్కడి యువ చిత్రకారులతో కలిసి బృందంగా నిలిచారు. మానుకోట వైపు పెనుగొండలో 1924లో పుట్టిన కొండపల్లి శేషగిరిరావు శాంతినికేతన్ వెళ్ళి నందలాల్ బోస్ దగ్గర నేర్చుకున్నారు. హైదరాబాద్‌లో తరాల విద్యార్థులకు పాఠాలు చెప్పారు, తెలుగులో కళ గురించి రాశారు కూడా. ఈ పేజీ చదివేవాళ్ళకు ఆయన జీవితం బాగా దగ్గర. సిద్దిపేటలో కాపు రాజయ్య 1925 నుంచి 2012 దాకా బతికారు. బతుకమ్మ, బోనాలు, పల్లె పనులు ఆయన బొమ్మల నిండా ఉంటాయి. ఆయన పెద్ద నగరానికి పోకుండా సిద్దిపేటలోనే ఉండి లలితకళా సమితి నడిపించడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

సమీక్ష ఎలా రాయాలి?

నాకు చూపించడానికి వచ్చే సమీక్షల్లో ఎక్కువ శాతం ఇలా మొదలవుతాయి: కుంచె నుంచి జాలువారిన రంగుల హరివిల్లు. ఆ వాక్యం ఏ చిత్రకారుడికైనా సరిపోతుంది, కాబట్టి ఎవరికీ పనికిరాదు. మొదట కనబడేది రాయండి. సైజు, పదార్థం, ఎక్కడి నుంచి చూస్తే ఏం కనబడుతుంది. మెచ్చుకోలు, తప్పుపట్టడం ఆ తర్వాత.

ఒక చేర్యాల పటాన్ని తీసుకుందాం. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల పిండి, బంక కలిపి పూతలు వేసి ఆరబెడతారు. ఆ పూత వల్ల గుడ్డకు కాగితం నునుపు వస్తుంది, చుట్టినా విరగదు. నేపథ్యం అంతా ఎరుపు. ఆ ఎరుపులో దూరం, దగ్గర లేవు, ఆకాశం లేదు. మనుషులంతా ఒకే వరసలో ముందుకు వచ్చి నిలబడి ఉంటారు. కళ్ళు పెద్దవి, చేతులు ఏదో ఒకటి చెప్తూనే ఉంటాయి. ఒక వరసకూ ఇంకో వరసకూ మధ్య పూలతీగ అంచు. ఇది ఇంట్లో గోడకు పెట్టుకోవడానికి పుట్టిన బొమ్మ కాదు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్ళు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివాళ్ళు, ముదిరాజులకు కథ చెప్పే కాకిపడగలవాళ్ళు ఊరి నడుమ పటం వేలాడదీసి, ఒక్కో వరస విప్పుతూ, కర్రతో చూపిస్తూ పాడేవాళ్ళు. దీపం వెలుగులో వెనక వరసలో కూర్చున్న ముసలమ్మకు కూడా ఎవరు ఎవరో తెలియాలి. ఆ ఎర్రటి నేల, ఆ తెల్లకళ్ళు, ఆ నల్లగీత ఆ అవసరం నుంచే వచ్చాయని నా అభిప్రాయం.

ఇప్పుడు అదే శైలిలో అరచేతి వెడల్పు ఫ్రేమ్‌లో ఇద్దరు ఆడవాళ్ళ బొమ్మ చేసి అమ్ముతున్నారు. ఇక్కడ క్రిటిక్ అడగాల్సిన ప్రశ్న ఉంది. కథ పోయి, వరసలు పోయి, పాడేవాళ్ళు తగ్గిపోయి, శైలి ఒక్కటే మిగిలితే ఆ శైలి ఏం మోస్తోంది? కొందరు చిత్రకారుల చేతిలో అది కొత్త కథలు మోస్తోంది, కొందరి చేతిలో అలంకారంగా మిగిలింది. ఏది ఏదో పేరుపెట్టి, కారణం చూపించి రాయాలి. చేతివృత్తివాళ్ళు కదా, పేదవాళ్ళు కదా అని విమర్శ మానేసి పొగడ్త మాత్రమే రాయడం వాళ్ళను కళాకారులుగా గుర్తించకపోవడమే. వైకుంఠం బొమ్మ మీద ఎంత కటువుగా ఆలోచిస్తామో నకాశీ బొమ్మ మీదా అంతే ఆలోచించాలి.

నకాశీ, డోక్రా, ఇవి ఆర్టా, క్రాఫ్టా?

ఈ చర్చ మీద నాకు పెద్ద ఆసక్తి లేదు. నాకు ముఖ్యం లేబుల్. నగరంలో చదివిన చిత్రకారుడి బొమ్మ కింద పేరు, పుట్టిన సంవత్సరం, బొమ్మ పేరు, పదార్థం, కొలతలు ఉంటాయి. పక్కనే డోక్రా ఏనుగు కింద ‘గిరిజన కళ, ఆదిలాబాద్’ అని ఉంటుంది. దాన్ని పోసిన ఓజా మనిషికి పేరు లేదా? ఆ మైనపు తీగలు చుట్టింది ఆయన భార్య అయితే ఆమె పేరు? చేర్యాల పటాలకు, డోక్రాకు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. అది ఊరికీ, వృత్తికీ దక్కిన గుర్తింపు. చేసిన మనిషికి దక్కాల్సింది వేరే ఉంది. నేను చేసే ఏ ప్రదర్శనలోనైనా ఈ నియమం తప్పను: చేసినవాళ్ళ పేరు లేకుండా ఏ వస్తువూ గోడ మీదికి ఎక్కదు. తెలుసుకోవడం కుదరని పాత వస్తువైతే ‘చేసినవారి పేరు నమోదు కాలేదు’ అని స్పష్టంగా రాస్తాను. ‘అజ్ఞాత జానపద కళాకారుడు’ అని రాస్తే పేరు లేకపోవడం వాళ్ళ లక్షణం అన్నట్టు ఉంటుంది. రాసిపెట్టనిది మనం.

తెలుగులో రాస్తే ఎవరు చదువుతారు? ఇంగ్లిష్‌లోనే రాయాలా?

ఉద్యోగానికి, పరిశోధన పత్రాలకు ఇంగ్లిష్ కావాలి, తప్పదు. కానీ మీరు ఎవరి గురించి రాస్తున్నారో వాళ్ళు చదవగలగాలి. నిర్మల్‌లో బొమ్మలు చేసే మనిషి తన పని గురించి రాసింది తన కూతురితో చదివించుకుని, ‘ఇది నేనట్ల చెప్పలేదు బిడ్డా’ అనగలిగితే అదే సరైన తనిఖీ. తెలుగులో సంజీవదేవ్ చిత్రకళ గురించి దశాబ్దాలపాటు రాశారు, పాఠకులు చదివారు. బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ లాంటి సంస్థలు భారతీయ భాషల్లో రాసిన దరఖాస్తులు కూడా తీసుకుంటాయి. రెండు భాషల్లోనూ రాయండి. అయితే ఒకదాన్ని ఇంకోదానిలోకి అనువదించకుండా, ఏ భాషకు ఆ భాషలో కొత్తగా రాయండి.

స్నేహితుడి ప్రదర్శన గురించి రాయమంటున్నారు. బొమ్మ కానుకగా ఇస్తామంటున్నారు.

మన జిల్లాల్లో అందరూ అందరికీ తెలిసినవాళ్ళే. తెలిసినవాళ్ళ గురించి రాయకూడదంటే ఎవరి గురించీ రాయలేం. తెలుసు అన్న మాట సమీక్షలోనే ఒక వాక్యంలో చెప్పేయండి. కానుక మాత్రం తీసుకోవద్దు. మీరు క్యూరేట్ చేసిన ప్రదర్శనను మీరే సమీక్షించొద్దు. మీ విద్యార్థి పోటీపడే అవార్డు కమిటీలో మీరు ఉంటే, ఆ పేరు వచ్చినప్పుడు గది బయటికి వెళ్ళండి. కేటలాగ్‌కు వ్యాసం రాయడానికి ఫీజు తీసుకోవచ్చు, అది చేసిన పనికి కూలీ. సమీక్షకు చిత్రకారుడి దగ్గర డబ్బు తీసుకోకూడదు.

క్యూరేటర్ రోజంతా ఏం చేస్తాడు?

ప్రారంభోత్సవం రోజు కనబడే పని చాలా చిన్నది. అసలు పని కాగితాల మీద, కొలతల్లో ఉంటుంది. బొమ్మ తెచ్చేటప్పుడు కండిషన్ రిపోర్ట్ రాయాలి: ఎక్కడ గీత ఉంది, ఎక్కడ రంగు లేచింది, ఫొటోతో సహా. తిరిగి ఇచ్చేటప్పుడు అదే కాగితం పెట్టి సరిచూడాలి. ఎవరి బొమ్మ, ఎన్నాళ్ళకు తీసుకున్నాం, రవాణా ఖర్చు ఎవరిది, దెబ్బతింటే ఏంటి అన్నది ముందే రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టాలి.

వెలుగు గురించి గట్టిగా చెప్పాలి. గుడ్డ, కాగితం, నీటిరంగుల మీద వెలుగు 50 లక్స్ (వెలుగును కొలిచే ప్రమాణం) దాటకూడదు. నూనె రంగులకు 200 దాకా ఫరవాలేదు. వెలుగు చేసే నష్టం రోజు రోజూ పోగవుతుంది, వెనక్కి రాదు. మన స్కూళ్ళలో, ఆఫీసుల్లో పాత పటాలను కిటికీ ఎదురుగా గోడకు కొట్టేస్తారు, మే నెల ఎండ సూటిగా పడుతుంటుంది. ముందు దాన్ని అక్కడి నుంచి తీయించండి, మిగతా పనులు తర్వాత. పటాన్ని మడతపెట్టొద్దు, మడత దగ్గర పూత పెట్లిపోతుంది. లావుపాటి గొట్టానికి వదులుగా చుట్టి, శుభ్రమైన తెల్లటి నూలుగుడ్డ కప్పండి. పొడవాటి పటమైతే ప్రదర్శనలో మొత్తం విప్పకుండా కొన్ని వరసలు చూపిస్తూ వారానికోసారి మార్చండి.

వేలాడదీసేటప్పుడు బొమ్మ మధ్యభాగం నేల నుంచి 145 నుంచి 155 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే పెద్దవాళ్ళకు హాయిగా ఉంటుంది. స్కూలు పిల్లలు ఎక్కువగా వచ్చే ప్రదర్శనైతే ఇంకా దించండి.

హన్మకొండలో చిన్న ప్రదర్శన పెట్టాలి. డబ్బులు లేవు.

పదిహేను బొమ్మలకు మించొద్దు. ఎక్కువ ఖర్చు ఫ్రేములకు, రవాణాకు అవుతుంది. ఫ్రేములు అందరివీ ఒకే సైజులో చేయించి తర్వాతి ప్రదర్శనకు దాచుకోండి. కాలేజీ హాలు, లైబ్రరీ అడగండి. నగరంలో 2024లో కాళోజీ కళాక్షేత్రం మొదలైంది, అక్కడి నియమాలు, అద్దె కనుక్కోండి. శాలువాల ఖర్చు తీసేసి ఆ డబ్బుతో తెలుగులో నాలుగు పేజీల కరపత్రం వేయించండి. ముఖ్య అతిథి ఉపన్యాసం కంటే సాయంత్రం పూట చిత్రకారుడితో కలిసి బొమ్మ బొమ్మ దగ్గరా ఆగుతూ నడవడం మేలు. బొమ్మ ముందు అడిగే ప్రశ్నలు వేదిక ముందు ఎవరూ అడగరు.

నేను చిత్రకారుడిని. గ్యాలరీ ఎంత తీసుకుంటుంది? కొన్నవాళ్ళు నా బొమ్మను క్యాలెండర్ మీద వేసుకోవచ్చా?

కమిషన్ సాధారణంగా అమ్మిన ధరలో 30 నుంచి 50 శాతం మధ్య ఉంటుంది. డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారో కూడా రాయించుకోండి. బొమ్మ అమ్మినంత మాత్రాన కాపీరైట్ అమ్ముడుపోదు. 1957 చట్టం ప్రకారం అది చిత్రకారుడి జీవితకాలం, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్ళు ఉంటుంది. క్యాలెండర్‌కు, పుస్తకం అట్టకు విడిగా అనుమతి, విడిగా డబ్బు.

మా ఇంట్లో తాతల కాలం నాటి పటం ఉంది. కొంటామని వస్తున్నారు.

తొందరపడొద్దు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన చిత్రాలు, శిల్పాలు పురావస్తువులు. రాతప్రతులకు 75 ఏళ్ళు. బొమ్మలు, శిల్పాలను పురావస్తు శాఖ రిజిస్టరింగ్ అధికారి దగ్గర నమోదు చేయించాలి. వ్యక్తులు వాటిని దేశం దాటించడం నేరం. వచ్చినవాళ్ళు పురావస్తువుల వ్యాపార లైసెన్సు చూపించకపోతే మాట్లాడొద్దు. పటాన్ని పగటి వెలుగులో, నీడపట్టున వరస వరసగా ఫొటోలు తీసి పెట్టుకోండి. ఎవరు రాయించారో, ఏ కథ చెప్పేవాళ్ళో ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి రాసుకోండి. ఆ సమాచారం లేని పటానికి సగం విలువ పోయినట్టే.

మా ఊర్లో పెద్ద వయసు కళాకారుడు ఒకరున్నారు. ఆయన పనిని రికార్డు చేయాలంటే ఏం అడగాలి?

ఈ పేజీలో మీరు ఒక్క పని చేస్తే ఇదే చేయండి. దీనికి డిగ్రీ అక్కర్లేదు, ఫోను చాలు.

ముందు అనుమతి అడగండి, ఎందుకు రికార్డు చేస్తున్నారో చెప్పండి. బాబాయ్ అనో తాత అనో మీ ఊరి వరస పెట్టి పిలవండి, ఇంటర్వ్యూ అనొద్దు. పూర్తి పేరు, ఇంటిపేరు, తల్లిదండ్రుల పేర్లు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎవరికి నేర్పారు. పనిముట్ల పేర్లు ఆయన నోటితో చెప్పించి ఒక్కోదాన్ని చేతిలో పట్టుకోగా ఫొటో తీయండి. రంగు ఎక్కడ కొంటున్నారు, పూర్వం ఎలా నూరేవాళ్ళు. ఎవరు చేయించుకునేవాళ్ళు, కూలీ వడ్లలోనా, పైసల్లోనా. ఇంట్లో ఆడవాళ్ళు ఏ పని చేస్తారు, ఇది వాళ్ళనే అడగండి. పని చేస్తుండగా వీడియో తీసేటప్పుడు ముఖం కంటే చేతుల మీద ఎక్కువసేపు ఉంచండి. సంవత్సరాలు గుర్తులేకపోతే పెద్ద వరద వచ్చిన ఏడు, కొడుకు పుట్టిన ఏడు అని ఆయన చెప్పినట్టే రాయండి, తర్వాత లెక్క కట్టొచ్చు.

ఫైళ్ళకు తేదీ, ఊరు, పేరుతో పేరు పెట్టండి. ఒక కాపీ ఆ ఇంటివాళ్ళకు పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి, ఫొటోలు మాత్రం ప్రింట్ తీయించి ఇవ్వండి. ఇంటివాళ్ళు ఒప్పుకుంటే ఇంకో కాపీ తీసుకుంటారేమో వరంగల్‌లోని తెలుగు విశ్వవిద్యాలయం జానపద గిరిజన విజ్ఞాన పీఠంలో, మీ కాలేజీ లైబ్రరీలో అడగండి.